అరకు వెళ్లేలోపు చదువు, చిట్టీ

చిరంజీవి చిట్టికి, పెద్ద మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ కొన్నావట, వచ్చే శనివారం నలుగురు స్నేహితుల్ని ఎక్కించుకుని నువ్వే నడుపుకుంటూ అరకు వెళ్తున్నావట. సంతోషం పట్టలేక కంచరపాలెం మెట్టు దాకా నడిచి వెళ్లి, టీ కొట్టు దగ్గర తెలిసిన ప్రతివాడికీ చెప్పొచ్చాను. మన ఇంట్లో ఆడపిల్ల స్టీరింగ్ పట్టడం నీతోనే మొదలు. ఇంటికొచ్చాక మాత్రం అన్నం సయించలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లు స్టేషన్ దగ్గర టాక్సీ నడిపినవాణ్ని, అనంతగిరి ఘాట్‌లో ఏ మలుపు తర్వాత ఏ మలుపు వస్తుందో కళ్లు మూసుకుని చెప్తాను. అన్నం సయించకపోవడానికి అదే కారణం.

ఇదంతా వాట్సాప్‌లో పెడితే నువ్వొక బొటనవేలు బొమ్మ పంపి ఊరుకుంటావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. కూర్చుని చదువు.

సంపత్ వినాయగర్ గుడి దగ్గర పూజ చేయించిన ఫోటో చూశాను. బంతిపూల దండ, కొబ్బరికాయ, నువ్వు. మిగతావాళ్లు నీ మొహం చూసి ఉంటారు. నేను వేళ్లతో పెద్దది చేసి ముందు చక్రం చూశాను. నిమ్మకాయలు తొక్కించావు సరే, అంతకుముందు ఆ టైర్లో గాలెంత ఉందో చూశావా? చూసి ఉండవు. పైగా ఆ టైరు నేరేడుపండులా నిగనిగలాడుతోంది. పాత బండి అమ్మేవాళ్లు టైర్లకు నల్ల పాలిష్ పట్టిస్తారమ్మా. రేపు ఒక తడిగుడ్డ తీసుకుని పక్కభాగమంతా గట్టిగా తుడిచి, ఎండలో చూడు. ఎండిన చెరువులో మట్టిలా సన్నటి పగుళ్లు కనిపించినా, ఎక్కడైనా బుడిపెలా ఉబ్బి ఉన్నా ఆ టైరు మీద ఘాట్ ఎక్కొద్దు. బుడిపె ఉందంటే లోపల దారాలు తెగిపోయాయన్నమాట. దానికి మందు లేదు, మార్చడమే.

తుడుస్తున్నప్పుడే ఇంకొకటి చూడు. పక్కభాగంలో ఒకచోట చిన్న గడిలో నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని లెక్క. బయటివైపు కనపడకపోతే లోపలివైపు ఉంటుంది, కాస్త వంగి చూడాలి. రబ్బరు తిరిగినా తిరగకపోయినా ముసలిదవుతుంది, నాలాగే. ఐదేళ్లు దాటితే ఏడాదికోసారి తెలిసినవాళ్లకు చూపించు. పదేళ్లు వచ్చాయంటే గీతలు ఎంత లోతుగా ఉన్నా తీసి పక్కన పడెయ్.

గీతలంటే గుర్తొచ్చింది. ఆ గాడుల మధ్యలో అడ్డంగా చిన్న చిన్న కట్టల్లాంటివి ఉంటాయి, 1.6 మిల్లీమీటర్ల ఎత్తున. టైరు అరిగి వాటితో సమానమైందంటే గుండు అయినట్టే. గాడుల పని వాననీళ్లను పక్కకు తోసెయ్యడం. అవి లేకపోతే టైరు నీళ్ల మీద తేలుతుంది, అప్పుడు నీ స్టీరింగూ పనిచెయ్యదు, బ్రేకూ పనిచెయ్యదు. మధ్యలోనే అరిగితే గాలి ఎక్కువైందని, రెండు అంచులూ అరిగితే తక్కువైందని, ఒక్క అంచే అరిగితే చక్రాల అలైన్‌మెంట్ పోయిందని అర్థం. ఎనిమిది పది వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించు. రెండే కొత్తవి కొనాల్సి వస్తే కొత్తవాటిని వెనక వేయించు. షాపువాడు ముందు వేద్దామంటాడు, నేనూ చాలాకాలం అలాగే వేశాను. కానీ వానలో ముందు జారితే బండి నేరుగా పోతుంది, నువ్వు కాలు తీస్తే మళ్లీ దారికొస్తుంది. వెనక జారితే బండి బొంగరమే. నైట్రోజన్ కావాలా అని అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. బంకులో గాలి ఉచితం, అదే కొట్టించు.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా తెలియదు.

2002 మే నెల, రోహిణీకార్తె. రోళ్లు పగిలే ఎండ. మీ అమ్మ, నాన్న, మీ అత్త, మీ అమ్మమ్మ, రెండేళ్లయినా నిండని నువ్వు. అంతా నా అంబాసిడర్‌లో అన్నవరం బయల్దేరాం. వ్రతం మొక్కు నీదే, నీకు జ్వరం తగ్గితే చేయిస్తామని మీ అమ్మమ్మ మొక్కుకుంది. తెల్లారగట్ల వెళ్దామంటే ఆడవాళ్ల పూలూ పులిహోరా తెమిలేసరికి పదైంది. యలమంచిలి దాటేసరికి తారురోడ్డు మీద గాలి ఆవిరిలా ఊగుతోంది. అప్పుడు హైవే వెడల్పు చేస్తున్న రోజులు, సగం రోడ్డు మట్టి, సగం తారు.

నక్కపల్లి దగ్గర బంకులో ఆగాను. నా దగ్గర గాలి కొలిచే ఇత్తడి గేజి ఒకటి ఉండేది, దాన్ని చొక్కా జేబులో పెన్నులా పెట్టుకుని తిరిగేవాణ్ని, అదొక గర్వం. వెనక టైర్లకు పెట్టి చూస్తే పొద్దున్న కొట్టించినదానికన్నా ఆరు పాయింట్లు ఎక్కువ చూపించింది. ఎండకు గాలి పెరిగింది, ఇలాగే వదిలేస్తే పేలుతుందనుకున్నాను. స్టాండులో మేమంతా అనుకునే మాటే అది, ఎండాకాలం గాలి తక్కువుండాలని. గోటితో వాల్వ్ నొక్కి నాలుగు టైర్లలోనూ ఆ ఆరూ తీసేశాను. వెచ్చటి గాలి బుస్సుమని చేతికి తగిలింది. ఎంత తెలివైనవాణ్ని అనుకున్నాను. మీ నాన్నకి చెప్పి మరీ మెచ్చుకోలు పుచ్చుకున్నాను.

పాయకరావుపేట ఇంకా రాలేదు. వెనక ఎడమవైపు తుపాకీ పేలినట్టు శబ్దం. నా కాలు నన్నడక్కుండా బ్రేకు మీదకెళ్లింది. అదే రెండో తప్పు. బండి వెనకభాగం పాము తోకలా ఒకసారి అటు, ఒకసారి ఇటు కొట్టి, గిర్రున తిరిగి, వచ్చిన దారివైపు మొహం పెట్టి మట్టిలో ఆగింది. ఎదురుగా వస్తున్న లారీ హారన్ కొడుతూ పక్కనుంచి పోయింది. ఎంత పక్కనుంచంటే, ఆ గాలికి మీ అమ్మ తలలో పూలు రాలాయి. మీ అమ్మమ్మ గోవింద నామం కూడా మర్చిపోయి నన్ను చూస్తోంది. నువ్వు మాత్రం మీ అమ్మ ఒళ్లో నిద్రపోతున్నావు. నీ పాలసీసా దొర్లి బ్రేకు కింద ఆగింది. అది చూశాక నాకు కాళ్లు వణకడం మొదలైంది.

వెనకొచ్చిన ఇంకో లారీ ఆగింది. తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన దిగి, పేలికలైపోయిన టైరు చూడలేదు, బాగున్న మిగతా మూడింటినీ చేతి వెనకవైపుతో తాకి చూశాడు. "గాలి తీసేసినావేటి బాబూ?" అన్నాడు. తలూపాను. ఆయన చెప్పింది ఇప్పటికీ చెవిలో ఉంది. "గాలి తగ్గితే టైరు నడుం వంగుద్ది. వంగి లేచి, వంగి లేచి ఒళ్లు కాలిపోద్ది. వేడికని గాలి తీస్తే నిప్పులో కిరసనాయిలు పోసినట్టే." నేనూ ఒక టైరు మీద చెయ్యి పెట్టాను, రెండు క్షణాలు ఉంచలేకపోయాను. బండి మీద రాసే లెక్క చల్లగా ఉన్న టైరుకి. పరిగెత్తాక నాలుగైదు పెరగడం సహజం, కంపెనీవాళ్లు ఆ పెరుగుదల కూడా చూసుకునే ఆ లెక్క రాస్తారు. ముప్ఫై ఒక్క ఏళ్లలో పది పన్నెండేళ్లు అప్పటికే గడిచాయి, ఈ ముక్క నాకు తెలియదు.

ఇంట్లోవాళ్లకి మేకు దిగిందని చెప్పాను. రోడ్డు పనివాళ్లు మేకులు పారేశారని మీ అమ్మమ్మ పోయేదాకా వాళ్లని తిట్టింది. మీ అమ్మ ఇప్పటికీ అదే అనుకుంటోంది.

అందుకని నువ్వు చెయ్యాల్సింది ఇది. డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కనున్న స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. ఎంత గాలి ఉండాలో దానిమీద ఉంటుంది. టైరు మీద రాసి ఉన్న పెద్ద అంకె చూడకు, అది ఆ టైరు తట్టుకునే గరిష్ఠం. ఐదుగురు, సామాన్లు అంటే నిండు లోడు. నిండు లోడుకి స్టిక్కర్ మీద విడిగా అంకె ఉంటే, వెనకవాటికి అదే పెట్టించు. పొద్దున్నే, బండి కదలకముందు, లేదా మూడు గంటలు నిలబడ్డాక చూడాలి. ఎస్.కోటలో టీ తాగడానికి ఆగినప్పుడు ఎవరైనా గేజి పెట్టి ఎక్కువుంది తీసేద్దామంటే, వాడు మీ మావయ్య అయినా సరే ఒప్పుకోవద్దు. మంచులోకి వెళ్తున్నదానికి ఎండల కథ చెప్తున్నాడని నవ్వుతున్నావు కదూ? నవ్వు. చలిలో ఇంకో తమాషా ఉంది. పది డిగ్రీలు పడిపోతే గాలి ఒకటిన్నర, రెండు పాయింట్లు తగ్గినట్టు చూపిస్తుంది. అరకులో పొద్దున్న చూసి టెన్షన్ పడకు.

ఎప్పుడైనా టైరు పేలితే, పేలకూడదు కానీ పేలితే, బ్రేకు ముట్టుకోకు. స్టీరింగ్ రెండు చేతులా గట్టిగా నేరుగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తియ్యి. బండి దానంతటదే నెమ్మదిస్తుంది, అప్పుడు పక్కకు తే. ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వెయ్యకు, ఎక్కిన గేరులోనే దిగు. బ్రేకు కాలితే ఆ వేడి రిమ్ముకి, అక్కణ్నుంచి టైరుకి పాకుతుంది.

స్టెప్నీలో గాలి చూడు. అందరూ నాలుగే చూస్తారు. ఘాట్‌లో పల్లంలో జాకీ వెయ్యొద్దు, మెల్లగా చదునుకి తెచ్చుకుని, చక్రాలకు రాళ్లు పెట్టి, నట్లు ముందు సడలించాకే ఎత్తు. శుక్రవారంలోపు ఒకసారి ఇంటి ముందు విప్పి బిగించి చూడు. మగపిల్లలు చేస్తారులే అనుకోకు. హుద్‌హుద్ తుఫాను తర్వాత వారం రోజుల్లో రేకుల మేకులు దిగి నాకు నాలుగు పంక్చర్లు పడ్డాయి. మూడోది మార్చింది ఎవరో గుర్తుందా? పదో తరగతి గౌను వేసుకుని, జుట్టు ముడేసుకుని నువ్వే. నట్లు తిప్పలేక స్పానర్ మీద నిలబడ్డావు. ఆ రోజే అనుకున్నాను ఇది బండి నడుపుతుందని.

శనివారం తెల్లవారి ఐదింటికి మధురవాడ వచ్చేస్తాను, మొదటి బస్సుకే. నేనొచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యకు, టైర్లు చల్లగా ఉండాలి. ఇత్తడి గేజి తెస్తున్నాను, అది ఇక నీదే. మేకు సంగతి మీ అమ్మకి నేనే చెప్తాను, నువ్వు చెప్పకు.

ఆ నాలుగంకెలు మాత్రం ఈ రాత్రికే పంపు. ఐదు టైర్లవీ. ఫోటో వద్దు, వంగి చదివి రాసి పంపు.

మీ పెద్ద మావయ్య