ఏడాది దాటిందని బిల్డర్ చేతులెత్తేస్తే

ఫ్లాట్‌లో దిగి మూడేళ్లయింది, బెడ్‌రూమ్ గోడ చెమ్మెక్కుతోంది, అగ్రిమెంటులో వారంటీ ఏడాదేనని బిల్డర్ అంటున్నాడు, ఏం చేయాలి అని అడిగారు. మీ ప్రాజెక్టు రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) రిజిస్టరై ఉంటే ఆ మాట చెల్లదండి.

2016 నాటి రెరా చట్టం సెక్షన్ 14(3) చూడండి. ఫ్లాట్ స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు లోపాన్ని బిల్డర్ దృష్టికి తెస్తే, పైసా అడక్కుండా 30 రోజుల్లో సరిచేయాలి. చేయకపోతే మీకు నష్టపరిహారం అడిగే హక్కు వస్తుంది. పిల్లర్లు, స్లాబుల సంగతే కాదు, పనితనం, నాణ్యత లోపాలూ ఇందులోకి వస్తాయి. అగ్రిమెంటులో ఏడాదే అని రాసుకున్నంత మాత్రాన చట్టం ఇచ్చిన గడువు తగ్గిపోదు.

మా హాలు సీలింగ్‌కి మరక వచ్చినప్పుడు మాకూ ఇదే జవాబు వచ్చింది. బిల్డర్ మనిషి వచ్చి, పైవాళ్లు నీళ్లు ఎక్కువ వాడుతున్నారని చెప్పి, పుట్టీ పెట్టి రంగేసి వెళ్లాడు. మరక మళ్లీ తేలింది. అప్పుడు ఒక సివిల్ ఇంజనీర్‌ని పిలిచాం. పై ఫ్లాట్ బాత్‌రూమ్‌లో నీళ్లు పోయే దారి మూసి, ఒక రోజంతా నేల మీద నీళ్లు నిలబెట్టించాడు. (ఇందుకు పైవాళ్లను ఒప్పించడం బిల్డర్‌తో వాదించడం కంటే కష్టమైంది!) కింద మరక పెద్దదైంది. వాటర్‌ప్రూఫింగ్ సరిగా చేయలేదని రిపోర్టు రాసిచ్చాడు. ఆ రిపోర్టు, ఫోటోలు, స్వాధీనపు లెటర్ కాపీ జత చేసి, సెక్షన్ నంబరు వేసి స్పీడ్ పోస్టులోనూ ఈమెయిల్‌లోనూ పంపాం. ఫోన్లకు కదలనివాళ్లు దానికి కదిలారు. టైల్స్ తవ్వి పని మళ్లీ చేశారు.

మీ గోడకు అవతల ఏముందో ముందు చూసుకోండి. బాత్‌రూమైతే నీళ్లు నిలబెట్టే ఆ పరీక్ష పనికొస్తుంది. బయటి గోడైతే పగుళ్లు, వాన నీటి పైపు జాయింట్లు వెతకాలి. బీమ్, ఇటుక గోడ కలిసే చోట సన్నటి గీత కనబడితే కంగారు పడకండి. చాలాసార్లు అక్కడ ప్లాస్టరింగ్‌కి ముందు మెష్ (వల) కొట్టకపోవడం వల్ల వస్తుంది. బీమ్ మీద గానీ పిల్లర్ మీద గానీ వాలుగా పగులు పోతున్నా, తుప్పు మరకతో పెచ్చులూడుతున్నా మాత్రం ఉత్తరాల కోసం ఆగొద్దు, వెంటనే స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి. ఏదైనా సరే, రిపోర్టు చేతికి రాకముందు సొంతంగా రిపేరు చేయించొద్దు, ఆధారం పోతుంది.

టెర్రస్ లీకేజీ లాంటి ఉమ్మడి సమస్యైతే అసోసియేషన్ పేరుతో రాయించండి. రెరాలో ఫిర్యాదు చేసే హక్కు దానికీ ఉంది.

స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది దాటకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మీది అలాంటి చిన్న అపార్ట్‌మెంటైతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. రెరా పరిధిలో ఉన్నవాళ్లు కూడా అక్కడికి వెళ్లొచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కాకపోతే అక్కడ సమస్య తలెత్తినప్పటి నుంచి రెండేళ్లే గడువు, కాబట్టి చెమ్మ మొదట ఎప్పుడు కనబడిందో ఇవాళే పాత ఫోటోల్లో వెతికి పెట్టుకోండి.