పాదుకొల్పిన బిరుదు, సంక్రమించిన బిరుదు

సందేహం: భారత వైస్రాయ్‌గా పనిచేసిన నార్త్‌బ్రూక్ గురించి ఈమధ్య ఒక వ్యాసం చదివాను. ఆయన పూర్వులు లండన్‌లో బేరింగ్స్ బ్యాంకు నడిపినవారట. ‘‘ఆ కుటుంబానికి 1793లో బారన్ పదవి దక్కింది. ఆ బిరుదును థామస్ జార్జ్ నార్త్‌బ్రూక్ వారసత్వంగా గెలుచుకున్నారు’’ అని అందులో రాశారు. బిరుదు అంటే సొంత ప్రతిభకు ఇచ్చేది కదా! తాత బిరుదు మనవడికి ఎలా వస్తుంది? ఇలాంటి చోట పదవి, హోదా, పట్టం, బిరుదు అనే మాటల్లో ఏది సాధువు?
– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: అమ్మా, మీరు పంపిన రెండు వాక్యాల్లో తప్పులు నాలుగున్నాయి. మీరు శంకించిన ‘బిరుదు’ మాత్రం వాటిలో లేదు. ఆ మాట నిర్దోషి. దాని చుట్టూ చేరినవే సరిగా లేవు.

ముందు చరిత్ర సంగతి. బేరింగుల మూలపురుషుడు యోహాన్ బేరింగ్ 1717లో జర్మనీలోని బ్రెమెన్ నుంచి ఇంగ్లండులోని ఎక్సెటర్‌కు వచ్చి ఉన్నిబట్టల వ్యాపారంలో స్థిరపడ్డాడు. ఆయన కొడుకు ఫ్రాన్సిస్, అన్న జాన్‌తో కలిసి 1762లో లండన్‌లో వర్తక సంస్థ తెరిచాడు. బ్యాంకు దానిలోంచే పుట్టింది. ఫ్రాన్సిస్ ఈస్టిండియా కంపెనీ డైరెక్టరు. 1792-93లో దానికి చైర్మన్ కూడా. 1793లో ఆయనకు వచ్చింది బారన్ కాదు, బారోనెట్. ఒక్క అక్షరం ఎక్కువైతే ఏమవుతుందని మన పత్రికలవారు అనుకుంటున్నారేమో, ఆ ఒక్క అక్షరం దగ్గర ఇంగ్లండులో ఒక గడప ఉంది. బారన్ ప్రభువుల సభలో కూర్చునేవాడు, ‘లార్డ్’ అనిపించుకునేవాడు. బారోనెట్‌కు పేరుకు ముందు ‘సర్’ ఉంటుంది, అది కొడుక్కీ మనవడికీ నడుస్తుంది, కాని ఆ సభలో పీట ఉండదు.

ఈ బారోనెట్ బిరుదును 1611లో మొదటి జేమ్స్ రాజు పుట్టించాడు. ఐర్లండులోని అల్‌స్టర్‌లో సైన్యాన్ని పోషించడానికి ఖజానాలో డబ్బు చాలలేదు. 30 మంది సైనికులకు రోజుకు తలా 8 పెన్సుల చొప్పున మూడేళ్ళ జీతం ఇచ్చుకోగలవాడికి ఈ బిరుదు ఇస్తామన్నాడు. లెక్క వేసి చూడండి: రోజుకు 240 పెన్సులు, అంటే సరిగ్గా ఒక పౌను, మూడేళ్ళకు 1,095 పౌన్లు. ఫ్రాన్సిస్ బేరింగ్ నాటికి ఆ పద్ధతి పోయింది. అయినా లెక్కల్లో పుట్టిన బిరుదు లెక్కల ఇంటికే చేరడం నాకు ముచ్చటగా ఉంటుంది.

ఇక భాష సంగతి. బిరుదు ఎక్కడి మాట? సంస్కృతంలో బిరుదమనీ విరుదమనీ రెండు రూపాలు కనిపిస్తాయి. ‘గద్యపద్యమయీ రాజస్తుతిర్విరుదముచ్యతే’ అని సాహిత్యదర్పణకారుడి నిర్వచనం. రాజును గద్యంతో పద్యంతో పొగిడితే అది విరుదం. అయితే ఈ మాట దక్షిణాది శాసనాల్లో ఆడినంత స్వేచ్ఛగా ప్రాచీన సంస్కృత కావ్యాల్లో ఆడదు. కన్నడంలో బిరుదు, తమిళంలో విరుదు ఉన్నాయి. తమిళులు ఈనాటికీ పురస్కారాన్ని విరుదు అనే అంటారు. మన నేల మీద మొలిచి సంస్కృతంలోకి ఎక్కిన మాట అని నా మొగ్గు, పట్టుబట్టను. పట్టుబట్టేది మరో విషయం మీద. తెలుగులో బిరుదు మొదట పేరు కాదు, వస్తువు. ధ్వజం, ఢక్క, కాలి అందె లాంటి కంటికి కనబడే గుర్తు. వీరుడి కాలికి వేసేది బిరుదందె. పెద్దన తన రాయలను తలచుకుని ఏడ్చిన పద్యంలో ‘బిరుదైన కవిగండపెండేరము’ అన్నాడు, రాయలు దాన్ని స్వయంగా తన పాదానికి తొడిగాడన్నాడు. అక్కడ పెండేరమే బిరుదు. మనిషి ఒంటి మీద ఉండేది కాబట్టి అది మనిషితోనే పోవాలని మీకు అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

అయితే శ్రీనాథుడిని అడుగుదాం. ఆయన సమాధానం చెప్పని ప్రశ్న తెలుగులో నాకు ఇంతవరకు ఎదురుకాలేదు. రావు సింగభూపాలుడి కొలువుకు వెళ్ళబోతూ శారదాంబను వేడుకున్న సీసం మీరు వినే ఉంటారు.

దీనారటంకాల తీర్థమాడించితి
దక్షిణాధీశు ముత్యాలశాల

అని మొదలుపెట్టి, గౌడడిండిమభట్టు కంచుఢక్క పగలగొట్టించిన సంగతి చెప్పి,

చంద్రభూష క్రియాశక్తి రాయలయొద్ద
పాదుకొల్పితి సార్వభౌమ బిరుదు

అంటాడు. ఇందులో ఎంత సంపద ఉందో ఒక్కొక్క మాట మీదా ఆగి చూడాలి. దీనారం రోమనుల దేనారియస్. సముద్రం దాటి వచ్చి మన కవి తల మీద స్నానజలమై కురిసింది. బిరుదూ బంగారు నాణేలూ పక్కపక్కన నిలవడం లండన్ వర్తకుల ఇంటి వింత కాదు, మన విద్యానగరంలో, అంటే విజయనగర రాజధానిలో, మూడున్నర శతాబ్దాల ముందే జరిగింది.

ఇప్పుడు ఆ క్రియ చూడండి. ‘పొందితి’ అనలేదు. ‘గెలిచితి’ అనలేదు. వాదంలో గెలిచినవాడు ఆ మాట అని ఉంటే ఎవరూ కాదనేవారు కాదు. పాదుకొల్పితి అన్నాడు, నీవు పాదుకొల్పావని శారదతోనే. పాదు అంటే మొక్క మొదట నీరు నిలవడానికి చుట్టూ చేసే గట్టు. మొక్క వేరు పట్టి నిలిస్తే పాదుకొన్నది. నిలిచేలా చేస్తే పాదుకొల్పినట్టు. మేలుకొను – మేలుకొల్పు, నెలకొను – నెలకొల్పు ఎలాగో ఇదీ అలాగే. ఈ పద్యం చివరే ‘నెలకొని యుండి నీవు’ అని శారదను ప్రార్థిస్తాడు. బిరుదును వాగ్దేవి పాదుకొల్పిందన్నాడు, ఆ వాగ్దేవినే నెలకొనమన్నాడు. ఒకటి వేరు పట్టడం, రెండోది చోటు పట్టడం. ఒకే సీసంలో ఈ రెండు క్రియలను ఇంత తూకంగా వాడిన కవి చేతిని కళ్ళకద్దుకోవాలి.

మీ ప్రశ్నకు అసలు సమాధానం పగిలిన కంచుఢక్కలో ఉంది. డిండిమం అంటే ఢక్కలాంటి వాద్యం. అది విజయనగర ఆస్థానంలో ఒక కవివంశం బిరుదు. ముళ్ళండ్రం నుంచి వచ్చిన ఆ కవులు తరతరాలుగా డిండిములే. అచ్యుతరాయల మీద కావ్యం రాసిన రాజనాథ డిండిముడు ఆ ఇంటివాడే. శ్రీనాథుడు ఓడించిన గౌడడిండిముడు కూడా ఈ వంశంవాడేనని కొందరు పండితులంటారు, కొందరు ఒప్పుకోరు. ఏమైనా, వంశంలో నడిచే బిరుదు మన కవుల లోకానికి కొత్త కాదని దీనితో తేలుతుంది. పద్యంలో రెండు రకాలూ ఎదురెదురుగా నిలబడ్డాయి: ఒకటి పరంపరలో మోగిన ఢక్క, ఇంకొకటి అప్పుడే నాటిన మొక్క. తరువాత కాలంలోనూ కవిసార్వభౌములు కొందరున్నారు. శ్రీనాథుడి వారసులమని కాదు, ఎవరి సభలో వారు సంపాదించుకున్నారు.

బొడ్డుపల్లెలో పొలం గుత్తకు పట్టి, కృష్ణవేణమ్మ పంట కొనిపోగా, ఏడునూర్ల టంకాలు చెల్లించలేక ఆ సార్వభౌముడు పడిన పాట్లు తెలిసినవే. ‘సార్వభౌముని భుజాస్తంభ మెక్కెను గదా నగరివాకిట నుండు నల్లగుండు’ అని చాటువు. టంకాల తీర్థమాడిన ఒంటికి టంకాల కోసమే శిక్ష. బిరుదు అక్కడ కూడా పద్యంలో ఉంది, చెక్కుచెదరకుండా. పోయింది డబ్బు. ఈ సంగతి గుర్తుంచుకోండి, బేరింగుల దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

మిగిలిన మాటలు త్వరగా చూద్దాం. పట్టం నుదుటికి కట్టేది, రాజ్యం ఏలేవాడికే తగినది. హోదా ఉర్దూ ద్వారా వచ్చిన అరబ్బీ మాట. ఉద్యోగపు స్థాయిని చెబుతుంది. మిరాసీ కూడా అరబ్బీదే, వారసత్వమని అర్థం. 1984లో రద్దయ్యేవరకు మన గ్రామాల కరణీకం, మునసబు పని మిరాసీలే, కాని వాటికి చేయవలసిన పని ఉంది. పదవికీ పని ఉండాలి. బారోనెట్ చేయవలసిన పని ఏదీ లేదు కనుక అది పదవి కాదు.

బ్యాంకు కథే దీన్ని రుజువు చేస్తుంది. ఫ్రాన్సిస్ సంతతిలో ఒక కొమ్మ 1835లో ఆష్‌బర్టన్ బారన్లయింది, ఇంకొకటి 1885లో రెవెల్‌స్టోక్ బారన్లయింది. ఈజిప్టును శాసించిన క్రోమర్ కూడా ఈ ఇంటివాడే. రెవెల్‌స్టోక్ బారన్ అయిన అయిదేళ్ళకే, 1890లో, అర్జెంటీనా అప్పుల్లో ఇరుక్కుని బ్యాంకు కూలబోయింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పూనుకుని హామీ నిధి కూర్చి నిలబెట్టింది. 1995లో సింగపూర్‌లో ఒక ఉద్యోగి జూదం లాంటి వ్యాపారంలో 82.7 కోట్ల పౌన్లు పోగొట్టినప్పుడు నిలబెట్టేవారు లేకపోయారు. 1762 నాటి సంస్థను ఒక డచ్చి బ్యాంకు ఒక్క పౌనుకు కొనుక్కుంది. ఒక్క బిరుదు కూడా రాలిపోలేదు. అవి బ్యాంకు కుర్చీకి కట్టినవైతే కుర్చీతోపాటు పోయేవి. రక్తానికి కట్టినవి కనుక ఉన్నాయి.

ఎలా కట్టారంటే, రాజు ఇచ్చే పట్టాలో సాధారణంగా ఫలానావాడికీ, అతని ఔరస పురుష సంతతికీ అని రాసి ఉంటుంది. ఔరస అన్నది మన ధర్మశాస్త్రం మాటే, ఇక్కడ అచ్చంగా సరిపోతుంది, దత్తుడికి చెల్లదు. మన జమీందారీల్లో దత్తపుత్రుడు గద్దె ఎక్కేవాడు, వాళ్ళ బిరుదుకు అలా కుదరదు. ఈ కట్టుబాటు ఎంత గట్టిదో నార్త్‌బ్రూక్ ఇంట్లోనే చూడవచ్చు. వైస్రాయ్ గారి కొడుకు 1929లో సంతానం లేకుండా చనిపోయాడు. వైస్రాయ్‌కి ఇచ్చిన ఎర్ల్ బిరుదు (బారన్ కంటే పై మెట్టు) అక్కడితో ఆగిపోయింది. ఆయన తండ్రికి ఇచ్చిన బారన్ బిరుదు మాత్రం తండ్రి సంతతిలోని ఇంకో శాఖకు మళ్ళి ఈనాటికీ నడుస్తోంది. ఏ మొక్కకు ఆ పాదే!

ఇప్పుడు ఆ వైస్రాయ్‌ని తీసుకోండి. ఒక్క మనిషికి మూడు క్రియలు కావాలి. ఫ్రాన్సిస్ బేరింగ్ మనవడికి 1866లో బారన్ బిరుదు ఇచ్చారు. బారోనెట్ వచ్చిన 73 ఏళ్ళకన్నమాట. ఆయన ఆ ఏడే చనిపోవడంతో రెండు బిరుదులూ కొడుకు థామస్ జార్జ్‌కు సంక్రమించాయి. 1872లో ఆయన వైస్రాయ్ పదవిలో నియమితుడయ్యాడు, 1876 దాకా చేశాడు. ఆ ఏడే ఎర్ల్ బిరుదు పొందాడు. సంక్రమించింది, నియమితుడయ్యాడు, పొందాడు. ఈ మూడింటినీ వదిలేసి అన్నిటికీ ‘దక్కించుకున్నారు’, ‘గెలుచుకున్నారు’, ‘కైవసం చేసుకున్నారు’ అని రాయడం ఆటల పేజీ నుంచి పాకిన జబ్బు. తండ్రి పోతే ఇల్లు గెలుచుకున్నాడని ఎవరైనా అంటారా? నామవాచకం సరైనదా కాదా అని తెల్లవార్లూ వాదించుకునేవారు క్రియ దగ్గరకు వచ్చేసరికి చేతికందినది పెట్టేస్తున్నారు. తెలుగు వాక్యం బరువంతా చివర ఉంటుంది. అక్కడ పుల్ల పెట్టి దూలం మోయిస్తే ఎలా?

ఇంకో తప్పు కూడా చెబుతాను. ‘థామస్ జార్జ్ నార్త్‌బ్రూక్’ అన్న మనిషి లేడు. ఆయన ఇంటిపేరు బేరింగ్. నార్త్‌బ్రూక్ బిరుదులోని పేరు. అసఫ్ జాను ఇంటిపేరనుకున్నట్టుగా ఉంది ఇది. 1725లో మొగలు చక్రవర్తి మొదటి నిజాంకు ఇచ్చిన ఆ బిరుదు వంశానికే పేరై ఏడో నిజాం దాకా నడిచింది; అయినా మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ను ‘ఉస్మాన్ అసఫ్ జా’ అని మనం రాయం.

కనుక మీరు నిస్సందేహంగా బిరుదు అనే రాయండి. మొదటివాడి బిరుదుకూ వారసుడి బిరుదుకూ తేడా కనబడాలనుకుంటే ‘వంశబిరుదు’ అనవచ్చు. ఇది నాకు నచ్చిన మాట, ఇదే శాసనమనను. ‘వంశపారంపర్య బిరుదు’ కూడా తప్పు కాదు, కొంచెం బరువు. ‘ఆనువంశిక’ అని రాసేవారు మొదటి అక్షరానికి దీర్ఘం ఇవ్వాలి. బారన్‌ను ‘ప్రభువు’ అని అనువదించడం నాకు పూర్తిగా సమ్మతం కాదు, అలాగని మెరుగైన మాట చేతిలో ఉంచుకుని వద్దనడం లేదు. పత్రికకు బారన్ అని ఉంచడమే మేలు. మీ వాక్యం ఇలా మారితే నాకు అభ్యంతరం లేదు: ‘‘బేరింగ్ కుటుంబంలో ఫ్రాన్సిస్ 1793లో బారోనెట్ బిరుదు పొందారు. ఆయన మనవడికి 1866లో ఇచ్చిన నార్త్‌బ్రూక్ బారన్ బిరుదు, అదే ఏడు కొడుకు థామస్ జార్జ్‌కు సంక్రమించింది.’’

మీ ఉత్తరంతో జతచేసిన సన్మాన ఆహ్వానపత్రిక కూడా చూశాను. అందులో ‘బిరుదు ప్రధానం’ అని అచ్చయింది. ఇవ్వడం ప్రదానం, దకారానికి ఒత్తు లేదు. సభ జరిగేలోగా వారికి చెప్పండి.