పాత డెస్క్‌టాప్‌కు ఏ లినక్స్? ముందు ప్రింటర్ సంగతి చూడండి

ప్రశ్న: మాది మిర్యాలగూడలో చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. రెండు డెస్క్‌టాపులున్నయి. రెండూ నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్క్. విండోస్ 11 ఎక్కదంటున్నరు. ఆన్‌లైన్ అప్లికేషన్లు, ప్రింట్లు, పెండ్లి పత్రికలు మా పని. కమాండ్లు రావు. ఏ లినక్స్ వేసుకోవాలె?

జవాబు: లినక్స్ అంటే విండోస్ బదులు వాడే ఆపరేటింగ్ సిస్టమ్. అందులో ఒక రకమైన లినక్స్ మింట్ 22 వేసుకోండి, అందులోనూ తేలికగా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. మెనూ కింద ఎడమ మూలనే ఉంటుంది, విండోస్ అలవాటున్నవాళ్లు తడుముకోరు. సెక్యూరిటీ అప్‌డేట్లు 2029 ఏప్రిల్ దాకా వస్తాయి. ఉబుంటు అనే ఇంకో లినక్స్ కూడా మంచిదే కానీ దాని మామూలు డెస్క్‌టాప్ 4 జీబీలో బరువుగా నడుస్తుంది.

అయితే రెండు కంప్యూటర్లలో ఒకదాంట్లోనే మింట్ వేయండి. పత్రికలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేస్తుంటే ఆ కంప్యూటర్ విండోస్ మీదే ఉండనివ్వండి. అను యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాదు. ఇంగ్లిష్ అక్షరాల చోట తెలుగు ముక్కలు కూర్చిన ఫాంట్ అది. ఆ ఫాంట్ లేని చోట ఫైలు తెరిస్తే పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపే ‘వైన్’ పెట్టి పేజ్‌మేకర్ నడపాలని చూడొచ్చు, కానీ గిరాకీ ఎదురుగా నిలబడ్డప్పుడు నమ్ముకునే పద్ధతి కాదు. ఆధార్ వేలిముద్ర మిషన్ ఉంటే దాన్నీ ఆ కంప్యూటర్‌కే తగిలించండి. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి అందులో బ్యాంకు పనులు, అనవసరపు బ్రౌజింగ్ మానేయండి.

షాపులో అసలు చిక్కు ప్రింటర్. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 అయితే మింట్ గుర్తుపడుతుంది, కానీ కాగితం కదలదు. ఆ ప్రింటర్ ఆపినప్పుడల్లా ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) మర్చిపోతుంది, ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే మళ్లీ పంపాలి. అందుకు హెచ్‌పీలిప్ అనే హెచ్‌పీ ప్రింటర్ల సాఫ్ట్‌వేర్‌లో ప్లగిన్ (అదనపు ముక్క) దించుకోవాలి, నెట్ ఉండాలి. క్యానన్ ఎల్‌బీపీ 2900 అయితే ఇంకా మొండిది, దాన్ని విండోస్ కంప్యూటర్‌కే వదిలేయండి.

వేసేముందు 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద రూఫస్ అనే విండోస్ సాఫ్ట్‌వేర్‌తో మింట్ ఎక్కించండి. కంప్యూటర్ ఆన్ చేయగానే పెన్‌డ్రైవ్‌ను ఎంచుకునే బూట్ మెనూకు నొక్కాల్సిన కీ డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి ప్రింటర్, స్కానర్, నెట్ అన్నీ చూసుకోండి. అన్నీ పనిచేస్తేనే ముందుకు. ‘ఎరేజ్ డిస్క్’ నొక్కితే సీ డ్రైవే కాదు, డీ డ్రైవ్ కూడా పోతుంది. కస్టమర్ల ఫైళ్లు ముందే వేరే డిస్క్‌లోకి తీసుకోండి. ఇన్‌స్టాల్ అయ్యేదాకా కరెంటు పోకుండా యూపీఎస్ మీద పెట్టండి.

ఖర్చు పెట్టగలిగితే పాత హార్డ్‌డిస్క్ బదులు 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ వేయించండి. లినక్స్ రకం మార్చినదానికన్నా దీంతోనే వేగం ఎక్కువ తెలుస్తుంది. తర్వాత ఇంకో 4 జీబీ ర్యామ్: డెస్క్‌టాప్ డీడీఆర్3 అని చెప్పి అడగండి, ల్యాప్‌టాప్ ముక్క స్లాట్‌లో పట్టదు.

ప్రశ్న: కల్వకుర్తి నుంచి. విండోస్ పక్కనే మింట్ వేసిన. డీ డ్రైవ్ తెరుచుకుంటుంది గానీ ఫైళ్లు సేవ్ కావట్లేదు. డిస్క్ చెడిపోయిందా?

జవాబు: చాలావరకు డిస్క్ తప్పు కాదు. విండోస్‌లో ‘ఫాస్ట్ స్టార్టప్’ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. డేటా పాడవకుండా మింట్ ఆ డ్రైవ్‌ను చదవడానికి మాత్రమే తెరుస్తుంది. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో పవర్ బటన్ల సెట్టింగ్‌కు వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేసి, ఒకసారి పూర్తిగా షట్‌డౌన్ చేయండి. విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చాక అది మళ్లీ ఆన్ అయిందేమో చూసుకోండి.