క్రీ వాళ్ల ఊరికి నర్సుగా వెళ్తున్న మా అమ్ములుకి

అమ్ములూ,

కెనడాలోని ఉత్తర ఒంటారియోలో, అక్కడి మూలవాసులైన క్రీ వాళ్ల ఊళ్లో నర్సింగ్ స్టేషన్‌లో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పింది. ఈపాటికి నెట్‌లో వెతికే ఉంటావు, పిల్లల ఆత్మహత్యల వార్తలే కనిపించి ఉంటాయి. 2016 ఏప్రిల్‌లో అట్టావాపిస్కట్ అనే క్రీ ఊళ్లో ఆత్మహత్యాయత్నాలు పెరిగి ఎమర్జెన్సీ ప్రకటించినప్పుడు టీవీ వాళ్లంతా దాని గురించే మాట్లాడారు, తర్వాత మర్చిపోయారు. ఆ వార్తలు అబద్ధం కాదు. కానీ అవే తలలో పెట్టుకుని వెళ్తే ప్రతి పిల్లాడూ నీకు కేసులాగే కనిపిస్తాడు, ఆ సంగతి వాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

2011-16 లెక్కల్లో ఫస్ట్ నేషన్స్ వాళ్లలో, అంటే క్రీ లాంటి మూలవాసి జాతుల్లో, ఆత్మహత్యల రేటు మూలవాసులు కాని కెనడా వాళ్లకి మూడు రెట్లు. అవే లెక్కల్లో 60 శాతానికి పైగా బ్యాండ్లలో, అంటే వాళ్ల ఒక్కో సముదాయంలో, ఒక్కటి కూడా లేదు, ఇది మాత్రం ఎవరూ చెప్పరు! అంతకు ముందే, 1998లో, బ్రిటిష్ కొలంబియా గురించి చాండ్లర్, లలోండ్ అనే ఇద్దరు పరిశోధకులు రాశారు: స్కూలు, వైద్యం, పోలీసు, సొంత పాలన, భూమి హక్కుల పోరాటం, సంస్కృతి కేంద్రం, ఇవన్నీ తమ చేతుల్లోనే ఉన్న బ్యాండ్లలో వాళ్లు చూసిన ఐదేళ్లలో యువత ఆత్మహత్య ఒక్కటీ లేదు. అక్కడి పెద్దవాళ్లని అడిగితే జబ్బు పిల్లాడిలో మాత్రమే లేదనే చెబుతారు. లక్షన్నరకి పైగా పిల్లల్ని ఇళ్ల నుంచి లాక్కెళ్లి, వాళ్ల భాషా సంస్కృతీ మరిపించడానికి ప్రభుత్వం, చర్చిలు నడిపిన రెసిడెన్షియల్ స్కూళ్లలో పెట్టారు, చివరివి మూసింది 1990ల్లోనే, అంటే నీ దగ్గరికొచ్చే పిల్లల అమ్మలూ నాన్నల్లో కూడా అక్కడ చదివినవాళ్లు ఉంటారు.

అందుకే నువ్వేదో కొత్త ప్రోగ్రాం మొదలుపెట్టకు, ఊరివాళ్లు నడిపేదానికి సాయపడు. వసంతంలో అడవి బాతులు వచ్చే వేళకి స్కూలుకి సెలవులిచ్చి కుటుంబాలు వేట క్యాంపులకి పోతాయి, పిలిస్తే తప్పకుండా వెళ్లు. క్లినిక్‌లో ఫారంలోని ప్రశ్నలకి నోరు విప్పని కుర్రాడు, అమ్మమ్మ పక్కన కూర్చుని బాతు ఈకలు పీకుతూ గంటసేపు మాట్లాడటం నేను చూశాను. ఆవిడ ఒక్క సలహా కూడా చెప్పలేదు, ఈకలు ఎటునుంచి పీకాలో చూపించి మళ్లీ వినడంలో పడింది.

అనుమానం వస్తే "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగానే అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకు, ఇంట్లో ఎవరిని నమ్ముతాడో వాళ్లని పిలిపించు. చనిపోవాలనిపించినప్పుడు సాయం చేసే 988 నంబరుకి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చని అందరికీ చెప్పి ఉంచు. విమానంలో బయటి ఆసుపత్రికి పంపాల్సి వస్తే వెంట సొంతవాళ్లు ఒకరు ఉండాలని పట్టుబట్టు, ఎందుకంటే పిల్లల్ని ఒంటరిగా ఎక్కించుకుపోవడం ఆ ఇళ్లలో ఇదివరకే జరిగింది.

ఎవరైనా పోతే ఆ ఇంటికి వెళ్లు, గిన్నెలు కడుగు, ఎలా జరిగిందని అడగకు, నీకు తెలిసినా ఎవరికీ చెప్పకు.

ఇంకొకటి. నీది చిన్న కాంట్రాక్టే అంట కదా, అయిపోయాక మళ్లీ అదే ఊరు అడుగు. నర్సు మారిన ప్రతిసారీ ఆ పిల్లలు తమ కథంతా మొదటి నుంచి చెప్పుకోవాలి, కొందరు విసిగిపోయి చెప్పడమే మానేశారు.

మీ పెద్దమ్మ