మూడు నెలల రెసిడెన్సీకి పిలిచారు, కచేరీ అక్కర్లేదంటున్నారు: వెళ్ళమంటారా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. గుంటూరులో వీణ పాఠాలు చెబుతున్నారు. ఐరోపాలో ఒక నగరం నుంచి మూడు నెలల ఆర్టిస్ట్ రెసిడెన్సీకి, అంటే కళాకారులు కొన్నాళ్ళుండి తమ పని చేసుకునే చోటికి, పిలుపొచ్చింది. ఉత్తరంలో కచేరీ ఊసే లేదు, వచ్చి మీ పని మీరు చేసుకోండి అని మాత్రం ఉంది. పిల్లల పాఠాలు ఆపుకుని, ఇంట్లోవాళ్ళని ఒప్పించి, అక్కడికెళ్ళి ఏం చెయ్యాలో కూడా తెలియకుండా బయల్దేరడం తెలివైన పనేనా అని అడిగారు.

నేను విజయవాడలో మృదంగం వాయిస్తానండి. ఆకాశవాణి కళాకారులకిచ్చే గ్రేడుల్లో నాది బి-హై. ఇల్లు గడిచేది మాత్రం కూచిపూడి ప్రోగ్రాముల మీద. 2019లో మార్చి 25 నుంచి జూన్ 22 దాకా ప్యారిస్‌లో ఒక చిన్న రెసిడెన్సీలో ఉన్నాను. దాని పేరు చెప్పను, ఇందులోనే కాస్త ముందుకెళ్ళాక వాళ్ళ మీద ఒక చాడీ ఉంది కాబట్టి. నన్నడిగితే వెళ్ళమనే అంటాను. కాకపోతే మీరు భయపడుతున్నవి పెద్ద భయాలు కావు. అసలుది వేరే ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ముందు వీసా. వాళ్ళు మాటవరసకి మూడు నెలలు అని రాస్తారు. షెంగెన్, అంటే ఐరోపాలో చాలా దేశాలకి కలిపి ఇచ్చే, షార్ట్ స్టే వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా ఉండగలిగేది 90 రోజులే, దిగిన రోజూ ఎక్కిన రోజూ కూడా లెక్కలోకే వస్తాయి. మే 1 నుంచి జూలై 31 అంటే 92 రోజులు, చిక్కే. నా కాగితాల్లో మొదట జూన్ 25 అని ఉంటే వేళ్ళ మీద లెక్కేసి 22కి మార్పించాను. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పదిహేను రోజుల ముందు వరకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆఖరి నెల దాకా ఆగొద్దు. కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి. బస ఎవరిది, ఖర్చు ఎవరిది, భృతి ఎంత అన్నవి ఆహ్వాన పత్రంలో స్పష్టంగా రాయించుకోండి. మన సంపాదన తాంబూలంలో పెట్టి ఇచ్చే కవర్లలో వస్తుంది కదా, బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తే మనమేం చేసి బతుకుతున్నామో మనకే అనుమానం వస్తుంది. నేను మూడేళ్ళ ఐటీ రిటర్నులు, రేడియో గ్రేడు ఉత్తరం జతచేశాను.

హైదరాబాదు వెళ్ళి వేలిముద్రలు ఇవ్వాలి. పొద్దున్నే శాతవాహన ఎక్కి వెళ్తే అక్కడి మిషను నా కుడిచేతి వేళ్ళని మూడుసార్లు ఒప్పుకోలేదు. ముప్పయ్యేళ్ళు కొట్టీ కొట్టీ అరిగిన వేళ్ళు మరి. ఆ అమ్మాయి తడిగుడ్డతో తుడిపించి, ఊది, మళ్ళీ పెట్టించి ఎలాగో గట్టెక్కించింది. మీ ఎడమచేతి చూపుడువేలికీ మధ్యవేలికీ తీగ గాట్లు ఉంటాయి. వెళ్ళే ముందు రెండు రోజులు సాధన ఆపి కొబ్బరినూనె రాసుకోండి.

డబ్బు సంగతి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. బెర్లిన్‌లో 1963లో మొదలై ఇప్పుడు జర్మనీ విద్యా వినిమయ సంస్థ డీఏఏడీ నడిపే ప్రోగ్రాం లాంటివి బసతోపాటు నెలనెలా భృతి కూడా ఇస్తాయి. ప్యారిస్‌లోనే 1965లో తెరిచిన సిటే ఇంటర్నేషనల్ దెజార్ అనే రెసిడెన్సీలో మూడు వందలకి పైగా స్టూడియోలున్నాయి. అక్కడ నెలకింత అని మనమో, మనల్ని పంపే సంస్థో కట్టుకోవాలి. పిలుపు వచ్చింది అనగానే అంతా వాళ్ళే పెట్టుకుంటారనుకోవద్దు.

ఇక వాయిద్యం. మీది పాత వీణ అయితే, దాని మీద ఏనుగు దంతం, దుప్పికొమ్ము పని ఉంటే, దాన్ని ఇంట్లోనే ఉంచి వెళ్ళండి. మన వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని బయటకి తీసుకెళ్ళడమే నేరం, అక్కడి కస్టమ్స్ వాళ్ళూ పట్టుకుంటారు. అమ్మమ్మ గారి వీణ అన్న మాట ఎయిర్‌పోర్టులో ఎవరికీ వినపడదు. ప్లాస్టిక్ పని చేసిన నూజివీడు వీణ హాయి. విడదీసే వీణ దొరికితే ఇంకా హాయి.

అక్కడికెళ్ళాక శత్రువు చలి అనుకుంటాం గానీ, అసలు శత్రువు గది హీటరు. మార్చి ఆఖర్లో నేను దిగేసరికి ఇంకా వేస్తూనే ఉన్నారు. ఆ పొడిగాలికి నా మృదంగం రాత్రికి రాత్రి శ్రుతి ఎక్కి కూర్చుంది, కుడి మూత ముట్టుకుంటే కంచులా మోగింది. చర్మం కాబట్టి మళ్ళీ దారికొచ్చింది. మీ వీణలో పనసచెక్క పగులివ్వచ్చు, మైనం బిగిసి మెట్టు ఊడొచ్చు. హీటరుకి దూరంగా పెట్టి, పక్కన వెడల్పు గిన్నెలో నీళ్ళుంచి, రాత్రిళ్ళు తడి తువ్వాలు ఆరేయండి. మేళం కట్టే, అంటే మెట్లు నిలబెట్టే, మైనం కాస్త వెంట తీసుకెళ్ళండి.

నాకు మైనం బెంగ లేదు గానీ రవ్వ బెంగ ఉండేది. తొప్పికి, అంటే మృదంగం ఎడమ మూతకి, రవ్వ ముద్ద అంటించకపోతే ఎడమ చెయ్యి పలకదు. తెల్లపొడి పొట్లంతో విమానం ఎక్కితే ఎక్కడ ఆపుతారో అని పావుకిలోనే తీసుకెళ్ళాను, మూడు వారాల్లో అయిపోయింది. ఫ్రెంచ్ రాదు. సూపర్ మార్కెట్లో అరలన్నీ తిరుగుతూ పాకెట్లు ఊపి, చెవి దగ్గర పెట్టుకుని, లోపలి గింజ సన్నమా దొడ్డా అని వింటుంటే ఒక ముసలావిడ నవ్వి ఒకటి తీసిచ్చింది. ఉత్తర ఆఫ్రికా వంటలకి వాడే సెమూల్ అట. మన బొంబాయి రవ్వే. కాస్త పచ్చగా ఉంటుంది, పట్టు మాత్రం మనదానికన్నా గట్టిది. నీళ్ళు చల్లి కలిపి తొప్పి మీద అద్దుతుంటే పక్కగదివాళ్ళు ఉప్మా అక్కడే చేసుకుంటున్నానేమో అనుకున్నారు.

తిండికి లా షపెల్ దగ్గర శ్రీలంక తమిళుల దుకాణాలున్నాయి, కరివేపాకు దాకా దొరుకుతుంది. అక్కడి మాణిక్క వినాయగర్ గుడికి వెళ్తే ప్రాణం లేచొచ్చేది. మీ నగరంలోనూ అలాంటి వీధి ఏదో ఒకటి ఉంటుంది. ఆవకాయ పట్టుకెళ్ళండి. నెయ్యి, కోవా బిళ్ళలు వద్దు, పాలతో చేసినవి మనం ఐరోపాలోకి తీసుకెళ్ళకూడదు.

చాడీ ఏమిటంటే, పగలూ రాత్రీ ఎప్పుడైనా సాధన చేసుకోవచ్చని ఉత్తరంలో రాశారు. నాలుగో రోజున తలుపు కింద నుంచి కాగితం లోపలికొచ్చింది, రాత్రి ఎనిమిది తర్వాత డప్పు వద్దని. డప్పు అన్న మాటకి ఎక్కువ బాధపడ్డానో, ఎనిమిది అన్నదానికో గుర్తులేదు. మీరు వెళ్ళకముందే సాధన వేళలు, పైన కింద ఎవరుంటారు అన్నది ఈమెయిల్లో అడిగి జవాబు దాచుకోండి.

ఇప్పుడు అసలు భయం. మన డైరీ ఎప్పుడూ వేరేవాళ్ళు నింపుతారు. ఫలానా తారీఖు రంగప్రవేశం, ఫలానా రోజు రికార్డింగు, సాయంత్రం ఆరింటికి పిల్లలు. అక్కడ మూడో రోజున తొమ్మిదింటికల్లా నా సాధన అయిపోయింది. పదింటికి కాఫీ తాగాను. పదిన్నరకి ఇంకో కాఫీ తాగాను. మధ్యాహ్నం నిద్రపోయి లేస్తే ఇంకా బోలెడు పగలు మిగిలుంది. ఇంటికి ఫోన్ చేస్తే ఎన్నికల గోల. ఏప్రిల్ 11న పోలింగు, ఓటెయ్యడానికి లేనని మా బావమరిది ఇప్పటికీ దెప్పుతాడు. ఉగాది, శ్రీరామనవమి పందిళ్ళు కూడా పోయాయి. మనకి నాలుగు డబ్బులొచ్చే రోజులవి. ఖాళీగా కూర్చుని ఆ లెక్క వేసుకుంటే పిచ్చెక్కింది.

పై గదిలో లెబనాన్ నుంచి వచ్చిన ఊద్ కళాకారిణి ఉండేది. ఊద్ అంటే అరబ్బుల తీగ వాయిద్యం. ఇద్దరం కలిసి వాయిద్దాం అంది. ఆమె మీటగానే నా చెయ్యి అల్లుకుపోయింది, అది నాకు అలవాటైన పనే. రెండు రోజులు బాగానే సాగింది. మూడో రోజు ఆమె ఊద్ ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. నేనూ కూర్చున్నాను. పది నిమిషాలు. చివరికి తన వచ్చీరాని ఇంగ్లీషులో, ఇవాళ నువ్వు మొదలుపెట్టు అంది. నావల్ల కాలేదండి. తని, అంటే కచేరీలో మృదంగం ఒక్కటే వాయించే భాగం, వాయించమంటే అరగంట వాయిస్తాను. కానీ తనికి ముందు ఒక కీర్తన ఉంటుంది, దానికో ఎడుపు, అంటే పాట ఎత్తుకునే చోటు, ఉంటుంది, నా ముక్తాయింపు, అంటే ముగింపు లెక్క, అక్కడికే వచ్చి పడుతుంది. ఏమీ లేనిచోట మొదటి దెబ్బ ఎక్కడ వెయ్యాలో నలభై మూడేళ్ళ వయసులో నాకు తెలియలేదు.

శ్రీరామనవమి మర్నాడు, ఏప్రిల్ 15 సాయంత్రం, నోత్రదామ్ చర్చి తగలబడింది. మా గది నుంచి పావుగంట నడక. వంతెన దగ్గర జనంలో నిలబడ్డాను. ఎనిమిది కావస్తుండగా పైకప్పు మీది సూదిలాంటి శిఖరం విరిగి లోపలికి పడిపోయింది. తర్వాత చీకట్లో కొందరు మోకాళ్ళ మీద కూర్చుని మెల్లగా పాడడం మొదలుపెట్టారు. భజనలో లాగా ఎవరూ తాళం వెయ్యలేదు. పాట ఆగుతోంది, ఎక్కడో వేరేచోట అందుకుంటున్నారు. నా వేళ్ళు అలవాటుకొద్దీ తొడ మీద లెక్క కట్టడానికి చూశాయి, ఏ లెక్కకీ అది అందలేదు.

రెండు రోజులకి, 17న సాయంత్రం, ఫ్రాన్సంతటా కథీడ్రల్ గంటలు మోగించారు. అది టీవీలో విన్నాను. ఆ ఆదివారం ఈస్టరు, మా వీధి చర్చిలో రెండు గంటల్ని కలిపి కొట్టారు. మెట్ల మీద కూర్చుని తాళం పట్టాను. ఒకటి పెద్దది, నిదానం. ఇంకోటి చిన్నది, చురుకు. ఒకటి అయిదు కొట్టేలోగా ఇంకోటి ఏడు అనుకున్నాను, నాలుగు ఆవర్తాలకి, అంటే తాళం నాలుగు చుట్లకి, జారిపోయింది. మళ్ళీ పట్టాను, మళ్ళీ జారింది. ఒక్కో గంటా దాని బరువుకి తగ్గట్టు ఊగుతుంది, ఒకదాన్ని చూసి ఇంకోటి ఆగదు. ఎప్పుడో ఒకసారి రెండూ ఒకేచోట పడతాయి, వెంటనే విడిపోతాయి.

మిగిలిన రెండు నెలలు నేను చేసిన పని అదే. కుడి చెయ్యి ఒక కాలప్రమాణం, ఎడమ చెయ్యి ఇంకోటి. ఒకదానికొకటి లొంగకుండా. మనకి ఒక తాళంలోనే అయిదుకి ఏడు సర్దడం వచ్చు. అసలు సర్దకుండా వదిలెయ్యడం ఎంత కష్టమో చెయ్యి పెడితేగానీ తెలియదు. జూన్‌లో ఒక సాయంత్రం స్టూడియో తలుపులు తెరిచి ముప్పైమంది ముందు ఇరవై నిమిషాలు వాయించాను. గొప్పగా రాలేదు. మధ్యలో రెండుసార్లు చేతులు దొంగతనంగా కలిసిపోయాయి. కానీ మొదటి దెబ్బ నేనే వేశాను, ఊద్ ఆ తర్వాత వచ్చింది.

జూన్ 21న ఫెత్ ద లా మ్యూజిక్. 1982 నుంచి ఏటా ఆ రోజు ఊరంతా వీధుల్లో ఎవరికి తోచింది వాళ్ళు వాయిస్తారు, టిక్కెట్టు లేదు, రాత్రి పదింటి దాకా వెలుగు. మేమిద్దరం ఒక రొట్టెల దుకాణం ముందు కూర్చుని వాయించాం. మర్నాడే విమానం. నేను వచ్చేసిన వారంలో ఆ దేశపు దక్షిణాన 46 డిగ్రీల ఎండ కాసింది. బెజవాడ నేను వెంట తీసుకెళ్ళి మర్చిపోయి వచ్చానని మా ఇంట్లో వేళాకోళం.

ఇంటికొచ్చాక రెండింటికి సిద్ధంగా ఉండండి. మా విజయవాడ గాంధీనగర్‌లో కనిపించిన ప్రతివాళ్ళూ ఎన్ని కచేరీలు చేశావు అంటారు. నా జవాబు అర. శాలువా కప్పుతామన్నవాళ్ళు అది విని కాస్త నీరసపడ్డారు. మన సంస్కృతిని చాటి వచ్చారు అని ఒకాయన మైకులో అంటే తల వంచుకున్నాను, నేను చాటింది ఏమీ లేదు. ఇక మా గురువుగారు. ఆ ఇరవై నిమిషాల రికార్డింగు కళ్ళు మూసుకుని పూర్తిగా విన్నారు. "లయ తప్పడానికి అంత దూరం వెళ్ళాలిట్రా?" అన్నారు. వారం తర్వాత ఫోన్ చేసి, ఆ ఎడమచేతి ముక్క మళ్ళీ ఓసారి పంపించు అన్నారు. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు.

పాఠాల సంగతి. నాకు పదకొండుమంది ఉండేవారు. నలుగురు వేరే గురువు దగ్గరికి వెళ్ళిపోయారు, ఇద్దరు మళ్ళీ వచ్చారు. ఫోన్లో ఇద్దరూ కలిసి వాయించడం జరిగే పని కాదు, శబ్దం ఆలస్యంగా వస్తుంది. పిల్లలు వాయించి రికార్డు చేసి పంపితే, విని జవాబు పంపడం నయం. వేసవిలో అక్కడికీ మనకీ ఎక్కువచోట్ల మూడున్నర గంటల తేడా, మీ సాయంత్రం ఆరింటి పాఠం అక్కడ మధ్యాహ్నం రెండున్నరకి వస్తుంది, ఇబ్బంది ఉండదు. చిన్నపిల్లల్ని మాత్రం మీ పెద్ద శిష్యురాలికి ఇప్పుడే అప్పగించి, మీరు ఇక్కడుండగానే ఒక నెల పక్కన కూర్చుని చూడండి.

మీ ఉత్తరంలో తేదీలు రాయలేదు. 90 దాటుతున్నాయేమో ఇవాళే లెక్క చూసుకోండి. వీణకి మేళం ఎప్పుడు కట్టించారో కూడా చెప్పండి. ఏడాది దాటితే ప్రయాణానికి ముందే నూజివీడు వెళ్ళి రావాలి, ఆ పనికి రోజులు పడతాయి.