ఓపెన్‌టీటీడీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఓపెన్‌టీటీడీ గురించే. కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. 1994లో క్రిస్ సాయర్ తయారుచేసిన ట్రాన్స్‌పోర్ట్ టైకూన్, మరుసటి ఏడాది వచ్చిన దాని డీలక్స్ రూపం ఈ ఆటకు మూలం. 2004 నుంచి దీన్ని ఓపెన్ సోర్స్‌గా ఔత్సాహికులు పెంచుకొస్తున్నారు. డబ్బు కట్టక్కర్లేదు. రైళ్లు, లారీలు, ఓడలు, విమానాలతో సరుకునీ జనాన్నీ చేరవేస్తూ కంపెనీని లాభాల్లో నడపాలి. కింద చెప్పే లెక్కలన్నీ సమశీతోష్ణ వాతావరణం, మామూలు సెట్టింగులు, ఆటతోపాటు వచ్చే వాహనాలను బట్టి వేసినవి.

ప్రశ్న: 1950లో మొదలుపెడితే రెండో ఏడాదికల్లా డబ్బు అయిపోతోంది. బస్సులతో మొదలుపెట్టాలా, రైలుతోనా? అప్పు తీసుకోవచ్చా?

జవాబు: రైలుతో, బొగ్గుతో మొదలుపెట్టండి. అప్పుకు భయపడకండి. ఆట మొదలయ్యేటప్పటికే మీ చేతిలో ఉన్న 1 లక్ష పౌండ్లు అప్పే. దాన్ని 3 లక్షల దాకా పెంచుకోవచ్చు. తొలి ఏడాది వడ్డీ కన్నా, డబ్బు చాలక సగం కట్టి వదిలేసిన లైను వల్లే నష్టం ఎక్కువ.

నెలకు 120 టన్నులకు పైగా తీసే గని, దానికి 80–100 గడుల (మ్యాపు మీది చదరాల) దూరంలో పవర్ స్టేషన్ ఉన్న జతను వెతకండి. మధ్యలో కొండలూ నదులూ తక్కువగా ఉండాలి. వంతెనలకూ నేల చదును చేయడానికీ పోయే డబ్బే కొత్తవాళ్లను ముంచుతుంది. కాస్త చుట్టు తిరిగినా చదునైన దారే మేలు.

రైళ్లు ఎన్ని కావాలో ముందే లెక్క కట్టవచ్చు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే రైలు ఆటలో 10 గడులు దాటడానికి దాదాపు 2.8 రోజులు పడుతుంది. మొదట్లో దొరికే కిర్బీ పాల్ ట్యాంక్ ఇంజన్ వేగం 64 కిలోమీటర్లు. అంటే 100 గడులకు సుమారు 44 రోజులు. సరుకు ఎక్కించే సమయం కలుపుకుంటే రానూపోనూ మూడు నెలలు. గని నెలకు 140 టన్నులు తీస్తుంటే, స్టేషన్ రేటింగ్ (గని తీసినదాంట్లో మీ స్టేషన్‌కు ఎంత వాటా వస్తుందో తేల్చే మార్కు) 70 శాతం ఉంటే మీకు దక్కేది 98 టన్నులు, మూడు నెలలకు 294. బొగ్గు వ్యాగన్ 20 టన్నులు పడుతుంది. ఆ ఇంజన్ శక్తి 300 హార్స్‌పవరే కాబట్టి ఏడు వ్యాగన్లకు మించి తగిలించకండి, ఎత్తు ఎక్కేటప్పుడు ఈడ్చుకుంటూ పోతుంది. ఏడు వ్యాగన్లంటే 140 టన్నులు. రెండు రైళ్లతో 280. ఇక్కడే చాలామంది సరిపోయిందనుకుని ఆగిపోతారు. మూడో రైలు కూడా కొనండి. ఎందుకో తర్వాతి జవాబులో ఉంది.

ప్రశ్న: కొత్త స్టేషన్ కట్టగానే రేటింగ్ 69 శాతం చూపిస్తుంది, తర్వాత పడిపోతూ 40కి వస్తుంది. వేగంగా వెళ్లే ఇంజన్లు కొన్నా పెరగలేదు. ఈ రేటింగ్ అంతా అదృష్టమేనా?

జవాబు: అదృష్టం పాత్ర ఏమీ లేదు, ఇదంతా పక్కా కూడిక. 69 అనేది తొలిసారి ఏదైనా వాహనం సరుకు కోసం వచ్చినప్పుడు ఆట ఇచ్చే ఆరంభ మార్కు. అక్కడి నుంచి మీ అసలు మార్కు వైపు ప్రతి రెండున్నర రోజులకూ ఒక శాతం కన్నా కొంచెం తక్కువగా జరుగుతూ వస్తుంది. అందుకే ఒక్కసారిగా కాకుండా నెలల తరబడి దిగుతుంది.

అసలు మార్కులో పెద్ద భాగం, కిందటిసారి సరుకు ఎత్తి ఎన్నాళ్లయింది అన్నదానికే. ఏడున్నర రోజుల లోపు అయితే 51 శాతం వస్తుంది. 15 రోజుల లోపు 37, 30 రోజుల లోపు 20, 52 రోజుల దాకా 10, ఆపైన సున్నా. రెండోది స్టేషన్‌లో పేరుకున్న సరుకు. 60 యూనిట్ల వరకు ఉంటే 16 శాతం కలుస్తుంది, 100 వరకు 12, 300 వరకు 4. 600 దాటితే 14 శాతం కోత పడుతుంది, 1500 దాటితే 35 శాతం. చివరగా వచ్చిన వాహనం వయసు ఏడాది లోపైతే 13 శాతం, రెండో ఏట 8, మూడో ఏట 4, ఆ తర్వాత ఏమీ లేదు. ఊళ్లో మీ కంపెనీ విగ్రహం కట్టిస్తే ఆ ఊరి పరిధిలోని మీ స్టేషన్లన్నిటికీ 10.

ఇక వేగం. 85 కిలోమీటర్ల దాకా దానికి మార్కే లేదు. ఆపైన పెరిగే కొద్దీ కొంచెం కొంచెంగా కలుస్తుంది, ఎంత వేగమైనా 17 శాతం దాటదు. 64 కిలోమీటర్ల ఇంజన్ తీసేసి 112 కిలోమీటర్లది పెట్టినందుకు మీకు వచ్చింది 3 శాతం లోపే. డబ్బంతా అక్కడ పోయింది.

అందుకే మూడో రైలు. ఆర్డర్లలో గని దగ్గర ఫుల్ లోడ్ (పూర్తిగా నిండేదాకా కదలొద్దన్న ఆదేశం) పెట్టి, ఎప్పుడు చూసినా ఒక రైలు ప్లాట్‌ఫామ్ మీద నింపుకుంటూ ఉండేలా చూడండి. 51 శాతం ఎప్పుడూ మీదే. సరుకు పేరుకోదు కాబట్టి ఇంకో 16. కొత్త రైలైతే మొత్తం 80, పాతబడ్డాక 67. రెండోది నింపుకుని వెళ్లేసరికి మూడోది వచ్చి ఉండాలి కాబట్టి గని దగ్గర రెండు ప్లాట్‌ఫామ్‌లు తప్పనిసరి. ఊరికే నిలబడిన రైలు నిర్వహణ ఖర్చు దండగలా కనిపిస్తుంది గానీ, ఆ ఖర్చుతో మీరు గని ఉత్పత్తిని కొంటున్నారు. స్మూత్ ఎకానమీలో (ఉత్పత్తి కొంచెం కొంచెంగా మారే సెట్టింగులో) నెలనెలా ప్రతి గనికీ ఉత్పత్తి మారే అవకాశం కొద్దిగా ఉంటుంది. మారిన నెలలో, మీరు 60 శాతానికి పైగా తరలిస్తుంటే అది పెరగడానికి మూడింట రెండు వంతుల అవకాశం, లేకపోతే తగ్గడానికి మూడింట రెండు వంతులు. 67కీ 40కీ మధ్య తేడా ఆ నెల బొగ్గుతో పోదు. పదేళ్ల తర్వాత ఆ గని ఎంత తీస్తుందో తేల్చేది కూడా అదే.

ఒక మినహాయింపు: సమశీతోష్ణంలో నూనె బావుల ఉత్పత్తి తగ్గడమే తప్ప పెరగదు. వాటి మీద ఈ పెట్టుబడి పెట్టకండి.

ప్రశ్న: దూరం ఎక్కువైతే డబ్బు ఎక్కువ అంటారు, ఆలస్యమైతే తగ్గుతుందనీ అంటారు. దేన్ని నమ్మాలి?

జవాబు: రెండూ నిజమే, దూరానిదే పైచేయి. చెల్లింపు దూరానికి నేరుగా పెరుగుతుంది. ఆలస్యానికి కోత చాలా నెమ్మదిగా పడుతుంది. ప్రతి సరుకుకూ కోత మొదలయ్యేముందు కొంత గడువు ఉంది. బొగ్గుకు 17.5 రోజులు, సరకుల పెట్టెలకు, అంటే గూడ్స్‌కు, 12.5, పశువులకు 10, తపాలాకు 50, నూనెకు 62.5. ప్రయాణికులకు గడువే లేదు. గడువు దాటాక ప్రతి రెండున్నర రోజులకూ 255లో ఒక వంతు తగ్గుతుంది. కొన్ని సరుకులకు రెండో గడువు కూడా దాటితే కోత రెట్టింపవుతుంది. ప్రయాణికులకు అది 60 రోజులు.

64 కిలోమీటర్ల రైలు 100 గడులు వెళితే బొగ్గుకు దాదాపు 96 శాతం చెల్లింపు వస్తుంది. 300 గడులు వెళితే రోజులు 130 దాటుతాయి. అప్పుడు బొగ్గుకు 82 శాతం, గూడ్స్‌కు 74, ప్రయాణికులకు 69. మూడు రెట్ల దూరానికి ఇంతే కోత. బొగ్గు, ఇనుప ఖనిజం, కలప ఎంత దూరమైనా పంపండి. ప్రయాణికులకు మాత్రం వేగమైన బండ్లు వచ్చేదాకా 100 గడులు దాటకండి.

దూరం అంటే ట్రాక్ పొడవు కాదు. రెండు స్టేషన్ల మధ్య అడ్డంగా ఎన్ని గడులు, నిలువుగా ఎన్ని గడులు, ఆ రెండిటి మొత్తం. కొండ చుట్టూ తిప్పిన లైనుకు అదనంగా పైసా రాదు. ప్రయాణికుల రైలుకు ఫుల్ లోడ్ పెట్టకపోవడం కూడా మంచిది. స్టేషన్‌లో కూర్చున్న జనానికి లెక్క నడవదు, రైలు ఎక్కి కూర్చున్నవాళ్లకు అది బయల్దేరకపోయినా రోజులు లెక్కకొస్తాయి.

ప్రశ్న: పవర్ స్టేషన్ దగ్గర రెండు ప్లాట్‌ఫామ్‌లు కట్టాను. నాలుగో రైలు రాగానే అన్నీ ఎదురెదురుగా ఆగిపోతున్నాయి. సిగ్నల్స్ ఎన్ని పెట్టినా అంతే.

జవాబు: ఎక్కువ పెట్టడమే కారణం కావచ్చు. జంక్షన్లలో, స్టేషన్ ముందు పాత్ సిగ్నల్స్ (రైలు వెళ్లాల్సిన దారిని మాత్రమే దానికి కేటాయించే సిగ్నల్స్) మాత్రమే వాడండి. వాటికి ఒకటే సూత్రం: రైలు అక్కడ ఆగిపోయినా ఇంకెవరి దారికీ అడ్డం రాకూడదు. అలాంటి చోటే సిగ్నల్ పెట్టాలి.

మీ స్టేషన్‌కు అది ఇలా కుదురుతుంది. వచ్చే లైను, పోయే లైను వేర్వేరుగా వేయండి. ప్లాట్‌ఫామ్‌ల ముందు ట్రాక్‌లు కలిసి విడిపోయే చోటు ఉంటుంది కదా, వచ్చే లైను మీద ఆ చోటుకు ఒక గడి ముందు వన్-వే పాత్ సిగ్నల్ పెట్టండి. కలిసే చోటు లోపల ఒక్క సిగ్నల్ కూడా ఉండకూడదు. ప్రతి ప్లాట్‌ఫామ్ చివర, బయల్దేరే రైలుకు ఎదురుగా ఉండేలా మామూలు పాత్ సిగ్నల్ పెట్టండి. దీన్ని లోపలికి వచ్చే రైలు వెనకవైపు నుంచి దాటిపోగలదు. అక్కడ వన్-వే పెట్టారంటే లోపలికి దారి మూసుకుపోతుంది.

పోయే లైను మీద, కలిసే చోటు దాటాక మొదటి సిగ్నల్ కనీసం ఒక రైలు పొడవు దూరంలో ఉండాలి. ఇంజనూ ఏడు వ్యాగన్లూ ఉన్న రైలు నాలుగు గడులు, కాబట్టి నాలుగు గడులు ఖాళీ వదలండి. రెండు గడులకే పెడితే ముందు ఎరుపు పడినప్పుడు రైలు అక్కడ ఆగుతుంది, దాని తోక కలిసే చోటు మీదే ఉండిపోతుంది. వచ్చేవాళ్లకు దారి లేదు, లోపలివాళ్లకు బయటపడే దారి లేదు. మీ ఉత్తరంలోని పరిస్థితి అచ్చం ఇదే.

ఇరుక్కున్నప్పుడు సిగ్నల్‌ను లెక్కచేయకుండా రైలును ముందుకు పంపే బటన్ ఉంది గానీ, ఎదురుగా ఇంకో రైలు ఉంటే రెండూ ఢీకొని పోతాయి. ముందు మిగతా రైళ్లన్నిటినీ ఆపి, ఒకదాన్ని వెనక్కి తిప్పి, ఆ తర్వాతే వాడండి.

ప్రశ్న: గని నుంచి రైల్వే స్టేషన్‌కు లారీలు పెట్టాను. లారీలకు లాభం, రైలుకు నష్టం చూపిస్తోంది. రైలు తీసేయాలా?

జవాబు: తీసేయకండి. ట్రాన్స్‌ఫర్ దగ్గర, అంటే సరుకును మధ్యలో దించి ఇంకో వాహనానికి అప్పగించే చోట, లారీకి చూపించేది కాగితం మీది వాటా, బ్యాంకులోకి రాదు. సరుకు చివరి చోటికి చేరాక, మొదటి చోటి నుంచి మొత్తం దూరానికీ మొత్తం రోజులకూ ఒకేసారి డబ్బు వస్తుంది. అందులోంచి లారీల వాటా తీసేసి మిగిలింది రైలు ఖాతాలో వేస్తారు. లారీలు సరుకును వెనక్కి, అంటే గమ్యానికి ఎదురు దిక్కున మోస్తుంటే వాటి వాటా పెరిగి రైలు లెక్క మైనస్‌లోకి పోతుంది. రెండిటినీ కలిపే చూడాలి. లారీల ఆర్డర్‌లో ట్రాన్స్‌ఫర్‌తోపాటు నో లోడింగ్ కూడా పెట్టారో లేదో చూసుకోండి. లేకపోతే దించిన బొగ్గునే మళ్లీ ఎక్కించుకుని వెనక్కి తీసుకెళతాయి.

ప్రశ్న: మా ఇంట్లో ఈ ఆట మీద రోజూ వాదనే. పదేళ్లు దాటితే డబ్బుకు విలువే ఉండదు, ఇది వ్యాపారం ఆట కాదు, బొమ్మ రైళ్ల సెట్టు అని నా అభిప్రాయం. అసలు ఆట అప్పుడే మొదలవుతుందని మా అన్నయ్య అంటాడు. మీరేమంటారు?

జవాబు: డబ్బు విషయంలో మీ మాటే నిజం. నాలుగైదు మంచి బొగ్గు లైన్లు పడ్డాక ఆట మిమ్మల్ని దివాలా తీయించలేదు. మామూలు సెట్టింగుల్లో ఇది ఈ ఆటకున్న నిజమైన లోపం. మీ అన్నయ్య చెప్పేది ట్రాఫిక్ సమస్య. వంద రైళ్ల జంక్షన్‌ను ఆగకుండా నడపడం గొప్ప పనే గానీ, అది వ్యాపారం కాదు.

వ్యాపారం కావాలంటే సెట్టింగులు మార్చాలి. అన్నిటికన్నా బాగా పనిచేసేది మౌలిక వసతుల నిర్వహణ ఖర్చు. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే ప్రతి ట్రాక్ గడికీ సిగ్నల్‌కూ స్టేషన్‌కూ నెలనెలా కట్టాలి, మొత్తం పెరిగేకొద్దీ ఒక్కో గడి ఖర్చూ పెరుగుతుంది. అవసరం లేని నాలుగు వరసల లైను వేసే అలవాటు అప్పుడే పోతుంది. రెండోది సరుకు రైళ్ల బరువు గుణకం. మామూలుగా 1 ఉంటుంది, 3 చేయండి. ఎత్తు ఎక్కలేని రైళ్లు కనిపిస్తాయి, ఏ ఇంజన్ కొనాలన్నది నిజంగా ఆలోచించాల్సి వస్తుంది. బ్రేక్‌డౌన్లు మామూలు స్థాయిలో ఉంచి, పరిశ్రమల సంఖ్య బాగా తగ్గించండి. పోటీ కంపెనీలు ఆటతో రావు, ఆట లోపలి డౌన్‌లోడ్ విభాగం నుంచి ఏఐ స్క్రిప్టులు (కంప్యూటర్ తరఫున ఆడే ప్రోగ్రాములు) దించుకుని, పోటీదారుల సంఖ్య కూడా పెంచాలి. అవి గొప్పగా ఆడవు గానీ మంచి గనుల మీద మీకన్నా ముందే వాలిపోతాయి, అది చాలు.

ప్రశ్న: ఊళ్లో పది బస్సులు పెడితే పదీ గుంపుగా తిరుగుతున్నాయి. ఊరూ పెరగడం లేదు.

జవాబు: 2024లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి డిపో ఆర్డర్‌లో అన్‌బంచ్ అనే ఎంపిక ఉంది. పది బస్సులకూ ఒకే ఆర్డర్లు షేర్ చేసి, ఆ జాబితాలో ఒక డిపో చేర్చి, దానికి ఇది పెట్టండి. బస్సులు డిపోలో ఆగి సమానమైన ఎడంతో బయటికొస్తాయి. అదే జాబితాలో ఫుల్ లోడ్ ఆర్డర్ ఉంటే మాత్రం ఇది కుదరదు.

ఊరు పెరగడానికి బస్సుల సంఖ్య కాదు, స్టేషన్ల సంఖ్య చూస్తారు. గత 50 రోజుల్లో ఏదో ఒక వాహనం ఎక్కించుకున్న లేదా దించిన స్టేషన్లను లెక్కిస్తారు, ఐదు దాటితే అదనపు ఫలితం లేదు. పది బస్సులు రెండు స్టాపుల మధ్య తిరుగుతుంటే ఐదు స్టాపులు చేయండి. సమశీతోష్ణం కాని వాతావరణాల్లో, మంచు రేఖకు (మంచు మొదలయ్యే ఎత్తుకు) పైన ఉన్న ఊరైతే ఆహారం, ఎడారి ఊరైతే ఆహారంతోపాటు నీరు కూడా చేరాలి. అవి అందకపోతే ఎన్ని బస్సులు తిప్పినా ఆ ఊరు పెరగదు.