వాసన రాని మందు, లెక్క తెలియని పెగ్గు

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. వచ్చే నెల మా ఆయన 40వ పుట్టినరోజు. ఇంట్లోనే పార్టీ, ఓ 20 మంది ఫ్రెండ్స్ వస్తారు. మార్గరీటా, పినా కొలాడా, మాస్కో మ్యూల్ లాంటి కాక్‌టెయిల్ రుచులతో జెల్లీ షాట్లు చేద్దామనుకుంటున్నాను. జెల్లీ పొడి ప్యాకెట్‌కి ఒక కప్పు మరిగే నీళ్లు, ఒక కప్పు వోడ్కా లేదా టెకీలా చొప్పున 6 ప్యాకెట్లు. ట్రయల్ వేసి చూశాను, చాలా బాగా వచ్చాయి. మందు వాసనే తెలియలేదు. తాజా పైనాపిల్ వేసిన బ్యాచ్ మాత్రం ఎంతకీ సెట్ కాలేదు. జెల్లీలో కలిపితే మందు ప్రభావం తగ్గుతుందని మా ఫ్రెండ్స్ అంటున్నారు, నిజమేనా? గుంటూరు నుంచి అమ్మానాన్న వచ్చి మా దగ్గరే ఉన్నారు. నాన్నగారికి 66 ఏళ్లు, షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడతారు. ఆయన సరదాకి ఒకటి రెండు తినొచ్చా? అమ్మ పూర్తి శాకాహారి. మా 5 ఏళ్ల పాపకి అలాంటి కప్పుల్లోనే మందు లేని జెల్లీ చేసిపెడదామని ఉంది. ఇంకేమైనా జాగ్రత్తలుంటే చెప్పండి.
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో

జవాబు: ‘మందు వాసనే తెలియలేదు’ అని సంతోషంగా రాశారు. మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టిన ముక్క అదే. గ్లాసులో పోసుకున్న మందుకి కొంత అడ్డు దానికదే ఉంటుంది. ఘాటు ముక్కుకి తగులుతుంది, గొంతు మండుతుంది, గ్లాసు ఖాళీ కావడానికి కాస్త సమయం పడుతుంది. ఎన్నో పెగ్గో తాగేవాడు మరిచిపోయినా పక్కనున్న భార్యకి గుర్తుంటుంది. చల్లటి జెల్లీకి ఇవేవీ లేవు. చక్కెర, నిమ్మ పులుపు, ఫ్రిజ్ చల్లదనం కలిసి ఘాటుని కప్పేస్తాయి. నోట్లో వేసుకుంటే జారిపోతుంది. కబుర్లలో పడి పది నిమిషాల్లో నాలుగు లాగించినవాళ్లకి నాలుగు తిన్నామన్న సంగతే తెలియదు. ఇది కొత్తగా బయటపడిన విషయమేం కాదు. 1862లో జెర్రీ థామస్ అనే అమెరికన్ బార్‌టెండర్ తన పుస్తకంలో పంచ్ జెల్లీ తయారీ చెబుతూ, మందు బలం జెల్లీని గడ్డకట్టించే జెలటిన్‌లో బాగా దాక్కుంటుందనీ, తెలియక ఎక్కువ తిన్నవాళ్లు విందు తర్వాత డాన్సుకి పనికిరాకుండా పోయారనీ అప్పుడే హెచ్చరించాడు.

మీ ఫ్రెండ్స్ మాట నిజం కాదు. జెలటిన్ మన ఒంటి వేడికే కరిగిపోతుంది. కడుపులోకి వెళ్లాక మిగిలేది అదే వోడ్కా. మరిగే నీళ్లలో కలిపాం కాబట్టి ఆవిరైపోయి ఉంటుందని కొందరు అనుకుంటారు. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర మరిగే మాట నిజమే కానీ, పొయ్యి మీద నుంచి దించిన నీళ్లలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టేస్తే పోయేది చాలా తక్కువ. అలాగని వెలిగే పొయ్యి మీద ఉన్న గిన్నెలో మాత్రం మందు పోయకండి, ఆవిరి భగ్గున అంటుకుంటుంది. రక్తంలో ఆల్కహాల్ బాగా పెరగడానికి అరగంట నుంచి గంటన్నర పడుతుంది. ఎనిమిదింటికి తిన్నది తొమ్మిదింటికి తెలుస్తుంది. ఈలోపు ‘ఏంటి, ఏమీ ఎక్కట్లేదే’ అని ఇంకో మూడు తినేస్తారు. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఈ ‘ఎక్కట్లేదే’ అన్న మాట ఎన్నిసార్లు విన్నానో.

ఇప్పుడు లెక్కకి వద్దాం. అమెరికాలో ‘ఒక డ్రింక్’ అంటే 14 గ్రాముల ఆల్కహాల్, అంటే 40 శాతం వోడ్కా 45 మిల్లీలీటర్లు. మన ఊళ్లో 30 మిల్లీలీటర్ల స్మాల్ పెగ్గులో ఉండేది సుమారు 10 గ్రాములు. మీరు పోసిన ఒక కప్పు, అంటే 240 మిల్లీలీటర్ల వోడ్కాలో దాదాపు 76 గ్రాములు ఉంటుంది. నీళ్లతో కలిపి ప్యాకెట్‌కి 480 మిల్లీలీటర్లు అవుతుంది కాబట్టి, చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో 45 చొప్పున పోస్తే పదకొండు దాకా వస్తాయి. ఒక్కోదాంట్లో 7 గ్రాములు. అంటే రెండు కప్పులు తింటే ఒక డ్రింక్ పూర్తయినట్టే. 6 ప్యాకెట్లకి 1440 మిల్లీలీటర్లు, దాదాపు రెండు ఫుల్ బాటిళ్లు. ఆ రెండు బాటిళ్లూ టేబుల్ మీద నిలబెడితే చూసినవాళ్లు జాగ్రత్తపడతారు. రంగురంగుల కప్పుల్లోకి మారాక స్వీట్ల వరసలో కలిసిపోతాయి. దీనికి తోడు పక్కన బీరూ వైనూ ఎలాగూ ఉంటాయి కదా.

అందుకని మొదట మందు సగానికి తగ్గించండి. ప్యాకెట్‌కి ఒక కప్పు మరిగే నీళ్లు, అరకప్పు చల్లటి నీళ్లో పళ్లరసమో, అరకప్పు మందు. అప్పుడు కప్పుకి మూడున్నర గ్రాములే ఉంటుంది, నాలుగు తింటే ఒక డ్రింక్. రుచిలో తేడా ఎవరికీ తెలియదు. పైగా మందు ఎక్కువైతే జెల్లీ మెత్తబడుతుంది కాబట్టి ఇవి ఇంకా బాగా నిలుస్తాయి. ‘నాలుగు తింటే ఒక డ్రింక్’ అని చీటీ రాసి ట్రే ముందు పెట్టండి. ఖాళీ కప్పులు పారేయకుండా ఎవరివి వాళ్ల ముందే దొంతరగా పెట్టుకోమనండి, బజ్జీల బండి దగ్గర ప్లేట్లు లెక్కపెట్టినట్టు. నవ్వుకుంటారు, అయినా లెక్క మాత్రం కళ్లెదురుగా ఉంటుంది. బిర్యానీ తిన్నాకే ట్రే బయటికి తీయండి. ఖాళీ కడుపులో అయితే ఆల్కహాల్ చాలా త్వరగా రక్తంలోకి చేరుతుంది.

మీ పాత లెక్క ప్రకారమే చేస్తే, 55 కిలోల ఆవిడ గంటలో ఐదు కప్పులు తిన్నా టెక్సస్‌లో డ్రైవింగ్‌కి ఉన్న హద్దు, రక్తంలో 0.08 శాతం ఆల్కహాల్, దాటే అవకాశం ఎక్కువ. ఒంట్లో నీటి శాతం తక్కువ కాబట్టి అంతే మందుకి ఆడవాళ్ల రక్తంలో మోతాదు పెరుగుతుంది. మన దేశంలో హద్దు ఇంకా తక్కువ, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే వాళ్ల లెక్కలో 0.03. లివర్ గంటకి 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాల్‌నే విరగ్గొట్టగలదు. కాఫీ, మజ్జిగ, నిమ్మరసం, చన్నీళ్ల స్నానం ఏవీ ఆ వేగాన్ని పెంచవు. మత్తులో ఉన్నవాడు చన్నీళ్లు పోసుకుంటే తడిసిన మత్తు మనిషి అవుతాడంతే. ఒక సంగతి మీ ఫ్రెండ్స్‌కి తప్పకుండా చెప్పండి. 15 ఏళ్లలోపు పిల్లలు కారులో ఉండగా మత్తులో నడిపితే టెక్సస్‌లో అది మొదటిసారైనా ఫెలనీ, అంటే తీవ్ర నేరం కేసే. వీసా మీద ఉన్నవాళ్లకి అదెంత దూరం వెళ్తుందో నేను చెప్పక్కర్లేదు. వచ్చేటప్పుడే ఊబర్‌లో రమ్మనండి.

నాన్నగారి సంగతికి వస్తే, నేను వద్దనే అంటాను. మీరు జెల్లీలో ఉన్న చక్కెర గురించి అడిగి ఉంటారు. ఆ చక్కెర నాకు పెద్ద భయం కాదు. భయమంతా గ్లిమిపిరైడ్‌తోనే. అన్నం తిన్నా తినకపోయినా ఆ మాత్ర ఇన్సులిన్‌ని బయటికి నెడుతూనే ఉంటుంది. షుగర్ పడిపోతున్నప్పుడు లివర్ కొత్తగా గ్లూకోజ్ తయారుచేసి ఆదుకోవాలి. ఆల్కహాల్ వచ్చాక లివర్‌కి దాన్ని వదిలించుకోవడమే పనవుతుంది, గ్లూకోజ్ తయారీ వెనకబడుతుంది. దాంతో షుగర్ అర్ధరాత్రో తెల్లవారుజామునో పడిపోతుంది. చెమటలు, తూలడం, మాట తడబడటం, మతిలేని సమాధానాలు – చూసేవాళ్లకి అచ్చం మందు ఎక్కినట్టే ఉంటుంది. ‘పడుకోనివ్వండి, పొద్దున్నకి దిగిపోతుంది’ అని వదిలేస్తారు. దిగేది మత్తు కాదు, షుగర్. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి ఈ ప్రమాదం తక్కువే కానీ, ఎక్కువ తాగితే రక్తంలో లాక్టిక్ యాసిడ్ పేరుకునే వేరే సమస్య ఉంది, కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకి మరీను.

అయినా అల్లుడి పుట్టినరోజు కదా అని ఆయన మీకు తెలియకుండా ఒకటి తినేశారనుకోండి, తిట్టకండి, తిడితే రెండోది చెప్పరు. అన్నం కడుపునిండా పెట్టండి. పడుకోబోయే ముందు, రాత్రి ఒకసారి, పొద్దున లేవగానే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. పెరిగాక ఏదైనా తినిపించండి. గ్లిమిపిరైడ్ వల్ల పడిన షుగర్ పెరిగాక మళ్లీ పడొచ్చు కాబట్టి ఆస్పత్రికి ఫోన్ చేయడం మంచిది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, ఎమర్జెన్సీ నంబర్ 911కి ఫోన్ చేయండి.

అమ్మగారి విషయం. జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. అమెరికాలో దొరికేది చాలావరకు పంది చర్మం నుంచి వస్తుంది కాబట్టి మీ ముస్లిం ఫ్రెండ్స్‌కీ ముందే చెప్పాలి. మన దేశంలోలా ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క అక్కడ ఉండదు. మందు లేని జెల్లీ అని ఆవిడకి మామూలు ప్యాకెట్‌తో చేసి పెట్టేరు! ఇండియన్ స్టోర్‌లో చైనా గ్రాస్ అడగండి, అగర్ అగర్ అన్నా అదే. సముద్రపు నాచు నుంచి తీస్తారు. ఒక కప్పు ద్రవానికి ఒక చెంచా పొడి చాలు, రెండు నిమిషాలు బాగా మరగాలి, నిమ్మరసం దించాకే కలపాలి. డాక్టర్‌కి ఈ వంట సంగతులెందుకు అంటారేమో. మేం చదువుకునేటప్పుడు మైక్రోబయాలజీ ల్యాబ్‌లో సూక్ష్మజీవుల్ని పెంచింది ఈ అగర్ మీదే. జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ ల్యాబ్‌లో ముందు జెలటిన్ వాడేవాళ్లు, వేడికి అది కరిగిపోయేది. 1881లో అక్కడి డాక్టర్ వాల్టర్ హెస్సె భార్య ఫానీ, తన వంటింటి జెల్లీలు వేసవిలో కరగకుండా ఉండే కిటుకు చెప్పింది. అది అగరే. 85 డిగ్రీల దాకా కరగదు కాబట్టి మీ పెరటి పార్టీలో కూడా నిలుస్తుంది. నోట్లో కరగదు, కొరికి నమలాలి. నన్నడిగితే మందు షాట్లకి కూడా అదే మేలు, గబగబా జారవు.

మీ పైనాపిల్ బ్యాచ్ పాడవడానికి కారణం బ్రొమెలైన్. జెలటిన్ ప్రొటీన్, దాన్ని ముక్కలుచేసే ఎంజైమ్ తాజా పైనాపిల్‌లో ఉంటుంది. బొప్పాయి, కివీ, పచ్చి అల్లం రసం కూడా ఇదే పని చేస్తాయి కాబట్టి మాస్కో మ్యూల్‌లో వేసే అల్లాన్ని ముందు మరిగించండి. వేడికి ఆ ఎంజైమ్ పనిచేయదు. డబ్బాలో వచ్చే పైనాపిల్‌ని ముందే వేడిచేసి ఉంటారు, దానితో ఇబ్బంది లేదు.

పాపకి అలాంటి కప్పుల్లోనే జెల్లీ అన్న ఆలోచన దయచేసి మానుకోండి. 18 కిలోల పిల్ల మీ లెక్క కప్పులు రెండు తింటే, పెద్దవాళ్లని డ్రైవింగ్ కేసులో పట్టుకునే హద్దు దాటిపోతుంది. చిన్నపిల్లల లివర్‌లో చక్కెర నిల్వ తక్కువ, ఆల్కహాల్‌కి షుగర్ త్వరగా పడిపోయి ఫిట్స్ దాకా వెళ్తుంది. ఎర్ర కప్పు నీది, పచ్చ కప్పు మాది అని ఐదేళ్ల పిల్లకి ఎంత చెప్పినా ఆటలో గుర్తుండదు. ఆ రోజు పిల్లలెవరికీ జెల్లీయే వద్దు, ఐస్‌క్రీం పెట్టండి. షాట్లు గ్యారేజ్ ఫ్రిజ్‌లో, మూతలు పెట్టి, పై అరలో ఉంచండి. పొరపాటున తిందని అనుమానం వచ్చినా, బాగానే ఉంది కదా అని చూస్తూ కూర్చోకండి. అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబర్ 1-800-222-1222, రోజంతా పనిచేస్తుంది. మగతగా ఉంటే నేరుగా 911.

వచ్చేవాళ్లని మాత్రల గురించి అడగడం మొహమాటమే, అయినా వాట్సాప్ గ్రూప్‌లో ఒక మెసేజ్ పెట్టండి. ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్రల డబ్బా లేని తెలుగిల్లు అక్కడ ఉండదు కదా. విరేచనాలకి వేసుకునే నార్‌ఫ్లాక్స్ టీజెడ్‌లో టినిడజోల్ ఉంటుంది. అదీ, పంటి నొప్పికి ఇచ్చే మెట్రోనిడజోలూ వాడుతున్నవాళ్లు మందు ముట్టుకుంటే మొహం ఎర్రబడి, గుండె దడ, వాంతులు రావచ్చు. ఆఖరి మాత్ర వేసుకున్నాక మూడు రోజులు ఆగాలి. మీ డాలస్ ప్రాంతపు ఎలర్జీలకి వేసుకునే బెనడ్రిల్, నిద్రమాత్రలు, ఆందోళనకి వాడే ఆల్‌ప్రజోలం మత్తుని రెట్టింపు చేస్తాయి. గర్భిణులు ఒక్కటి కూడా తినకూడదు. ఎనర్జీ డ్రింక్‌తో షాట్లు చేయకండి, కెఫీన్ మత్తుని తగ్గించదు, తెలియకుండా చేస్తుందంతే.

ఎవరైనా ఎంత లేపినా లేవకపోతే, ఒళ్లు చల్లబడి పెదాలు నీలంగా మారితే, శ్వాస నిమిషానికి 8 కన్నా తగ్గినా, మధ్యలో 10 సెకన్లు ఆగినా 911. వచ్చేలోపు పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతుకి అడ్డం పడకుండా. ఒంటరిగా గదిలో వదిలేయకండి.

మిగిలిన కప్పుల్ని పొద్దున చూద్దాంలే అనుకోకండి. పార్టీ మర్నాడు ఇంట్లో అందరికన్నా ముందు లేచేది మీ పాపే. ఆ రాత్రే కప్పుల మీద వేడినీళ్లు పోసి కరిగించి సింక్‌లో వంపేసి, చెత్తసంచి బయట పెట్టి పడుకోండి.
– జనరల్ ఫిజీషియన్